దుమ్మని చెప్పాను

వర్ని దాటినాక కాలువ పక్కనున్న ఒక ఊరి సొసైటీలో నేను మూడు సీజన్లు కంప్యూటర్ ఆపరేటర్‌గా పనిచేశాను. రైతుల దగ్గర వడ్లు కొనే కేంద్రం అది. నాది కాంట్రాక్టు ఉద్యోగం. పొద్దున్నే బోధన్‌లో బస్సెక్కి పోయేవాణ్ణి, సాయంత్రం ఆఖరు బస్సుకు తిరిగొచ్చేవాణ్ణి. చెప్పుకోవడానికి చిన్న పనే. కాంటా వేసిన బస్తాల బరువు, రైతు పాసుబుక్కు నంబరు కంప్యూటర్‌లో ఎక్కించాలి. లారీ నిండగానే ట్రక్ షీట్ అనే కాగితం ప్రింటు తీసి డ్రైవర్ చేతికివ్వాలి. ఆ కాగితం లేకుండా మిల్లువాళ్ళు సరుకు దించుకోరు, కాబట్టి లారీ కదలదు. లారీ కదలకపోతే కాంటా ఆగుతుంది. కాంటా ఆగితే రోడ్డు మీద కుప్పపోసిన వడ్లు మబ్బుల దయ మీద బతకాలి.

నా మూడో సీజన్‌లో, యాసంగి పంట వడ్లు కొనే రోజుల చివర్లో, ఒకరోజు పొద్దున నేను వెళ్ళేసరికి నిండిన లారీ గేటు ముందు నిలబడి ఉంది. ముందురోజు నా బస్సు వేళకు లోడింగ్ పూర్తి కాలేదు. షీటు తీసిస్తే పది నిమిషాల్లో బయలుదేరేదే. కంప్యూటర్ బటన్ నొక్కాను. పచ్చలైటు వెలిగింది. లోపల ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు వచ్చింది. తెర మాత్రం నల్లగా ఉండిపోయింది. పై మూలన చిన్న తెల్లగీత ఒకటి వెలుగుతూ ఆరుతూ ఉంది, అంతే.

ఆపి మళ్ళీ వేశాను. అదే గీత. ప్లగ్గు పీకి కాసేపాగి పెట్టాను. అదే గీత. ఎదురు టేబుల్ దగ్గర సెక్రటరీ సారు చాయ్ తాగుతున్నాడు.

“లైటొస్తుంది గద, ఇంకేం రోగం దానికి?” అన్నాడు.

లైటు రావడం వేరు, లేవడం వేరు అని చెప్పబోయి ఊరుకున్నాను. ఆయన ముందు మాట మింగడం నాకు అప్పటికే అలవాటైంది.

నాకు తెలిసిన రిపేరు కొద్దిగానే. నిజామాబాద్‌లో కంప్యూటర్ కోర్సు చేసినప్పుడు చూసింది, ఇక్కడికి వచ్చిపోయే మెకానిక్ చేతులు గమనించింది, అంతవరకే. డబ్బా పక్క రేకు విప్పాను. లోపల వేలి మందాన దుమ్ము. గుడ్డతో తుడిచి, ర్యామ్ ముక్క ఊడదీసి, దాని ఇత్తడి పళ్ళను రబ్బరుతో రుద్ది మళ్ళీ బిగించాను. హార్డ్ డిస్క్ వైర్లు తీసి పెట్టాను. వెనక వైర్లన్నీ కదిలించి చూశాను. ఒక్కో పని అయ్యాక బటన్ నొక్కడం, గీత కాకుండా ఇంకేదైనా వస్తుందేమోనని చూడడం, మళ్ళీ ఆ గీతే రావడం. మెకానిక్‌కు నాలుగుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు.

పదకొండు దాటేసరికి కిటికీ దగ్గర రైతులు మూగారు. మొదట అడిగారు, తర్వాత కసురుకున్నారు. మిల్లోళ్ళతో కలిసి నేనే కావాలని ఆపానని ఎవరో వెనకనుంచి అన్నారు. సెక్రటరీ సారు బయటికి వెళ్ళి, ఆపరేటర్‌కు పని రాదని, తానేం చేస్తానని వాళ్ళతో చెప్పడం నాకు లోపలికే వినిపించింది.

గడప మీద ఒక అవ్వ కూర్చుని ఉంది. కాంటాకు తర్వాతి వంతు ఆమెదే. భర్త పోయాక కాలువ చివరి మడులు రెండు ఆమే చేసుకుంటోంది. ముందురోజే ఆమె వడ్లకు తేమ చూసి సరిపోయిందన్నారు. గేటు పక్కన ఆమె కుప్ప ఉంది, మీద సగానికే వచ్చే తాడ్‌పత్రి పట్టా. అందరూ అరుస్తుంటే ఆమె మాత్రం తన సీసాలోని నీళ్ళు నా వైపు జరిపింది.

“గాబరా పడకు బిడ్డా. మిషిన్ గద, మొండికేస్తది. జర నిమ్మళంగ సూడు” అంది.

మధ్యాహ్నం మంజీర ఏటి దిక్కునుంచి మబ్బు లేచింది. పది నిమిషాల్లో గాలి, ఆ వెంటే వాన, వానలో రాళ్ళు. విప్పిన కంప్యూటర్‌ను అట్లాగే వదిలేసి బయటికి పరిగెత్తాను. అవ్వ తాడ్‌పత్రి ఒక కొస మీద తానే పడుకుంది. ఇంకో కొస నేను పట్టుకున్నాను. పైన పడేదాన్ని ఆపగలిగాం కానీ రోడ్డు మీది నీళ్ళు పారి కుప్ప కిందికి దూరాయి. ఒక పక్క వడ్లు మా కాళ్ళ ముందునుంచే రోడ్డు పక్క మోరీలోకి కొట్టుకుపోయాయి. ఆమె ఏడవలేదు. రెండు చేతులా వాటికి అడ్డం పెడుతూ ఉండింది, వేళ్ళ సందుల్లోంచి పోతూనే ఉన్నాయి.

వాన తగ్గాక, తడిబట్టలతో లోపలికి వచ్చినప్పుడు మెకానిక్ ఫోన్ చేశాడు. జరిగింది చెప్పాను.

“గీత ఒక్కటే వస్తుందా? ఎనక గుచ్చినయన్ని పీకెయ్యి. కరెంటు, తెర, కీబోర్డు ఉంచు. ఇంక ఏదుండొద్దు” అన్నాడు.

డబ్బా వెనక్కి తిప్పాను. గోరంత నల్లముక్కలు రెండు ఉన్నాయి. మా మౌస్‌కు వైరు ఉండదు, దానికి అట్లాంటి ముక్క ఒకటి ఉంటుంది. పొద్దున్నుంచి ఎన్నోసార్లు ఆ రెండిటి మీద నా చెయ్యి పోయింది. రెండూ మౌస్‌వేనని ఒక్కసారి కూడా ఆగి అనుకోలేదు, కాదనీ అనుకోలేదు. పీకి బటన్ నొక్కాను. గీత మాయమై, కంపెనీ బొమ్మ వచ్చి, మామూలుగా లేచింది.

అరచేతిలో చూసుకున్నాను. ఒకదాని మీద మౌస్ బొమ్మ ఉంది. రెండోది చిన్న పెన్‌డ్రైవ్. కంప్యూటర్ లేవగానే ముందు దానిలో వెతుక్కుని, ఏమీ దొరక్క అక్కడే నిలబడిందని మెకానిక్ చెప్పి ఫోన్ పెట్టేశాడు.

దాన్ని పట్టుకుని, ఇదెవరిదని అడిగాను. సెక్రటరీ సారు తల ఎత్తాడు.

“అరె, గిదెక్కడ దొరికింది? నిన్న మా ఇంటి ఫంక్షన్ వీడియో ఎక్కించుకుంటి. పొద్దుగాల సంది జేబులల్ల వెతుకుతున్న” అన్నాడు. చెయ్యి చాపి తీసుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు. ఆయన ముఖంలో ఏదైనా మారుతుందని చూశాను. మారలేదు.

అప్పుడే కిటికీలోంచి ఎవరో, ఇంతసేపు ఏమైందని అడిగారు. వాన తర్వాత అరిచే ఓపిక వాళ్ళకు లేదు. అవ్వ కూడా నిలబడి ఉంది, చీర అంచునుంచి నీళ్ళు కారుతున్నాయి. నిజం నా నాలుక మీదే ఉంది. సారు రిజిస్టర్ తిప్పుతున్నాడు, నా వైపు చూడనైనా లేదు. వచ్చే సీజన్‌కు నన్ను ఉంచాలో వద్దో రాసేది ఆయనే. ఇంట్లో నా భార్య బీడీలు చుట్టి నెట్టుకొస్తున్న కాలం అది.

“లోపల దుమ్ము పట్టింది” అన్నాను.

షీటు ప్రింటు తీశాను. లారీ పోయింది.

అవ్వ వడ్లకు మళ్ళీ తేమ చూస్తే మిషన్ ఒప్పుకోలేదు. నాలుగు రోజులు ఆరబోసింది. అడుగున మొలకలొచ్చాయి, మిగిలినవాటికి రంగు మారింది. మిల్లు వద్దన్నదని సారు చెప్పాడు. చివరికి ఊళ్ళోకి వచ్చిన దళారి అడిగినంతకే ఇచ్చేసి, పాసుబుక్కు కాగితాలు వాపసు తీసుకోవడానికి ఆఫీసుకు వచ్చింది. నేను వెతికి ఇచ్చాను. మడిచి నడుముకు దోపుకుంటూ నా వైపు చూసింది. కోపం లేదు, అదే నాకు కష్టమైంది.

“ముందుగాల్నే జర దుమ్ము దులుపుకుంటే అయిపోతుండె గద బిడ్డా” అంది.

ఆమె వెళ్ళాక లేచి గేటు దాకా పరిగెత్తాను. ఆటో ఎక్కుతోంది. అవ్వా అని పిలిచాను. తిరిగి చూసింది. చెప్పాలనే వెళ్ళాను. లోపల కిటికీ దగ్గర సారు నిలబడి ఉన్నాడు.

“పైలంగ పో” అన్నాను.

రైతుల ఫిర్యాదు మీద కమిటీ కూర్చుంది. యంత్రాన్ని శుభ్రంగా ఉంచని ఆపరేటర్ నిర్లక్ష్యం వల్లే ఆలస్యమైందని మెమో రాసి నా ముందు పెట్టారు. రైతులందరి ముందు నువ్వే చెప్పావు కదా అన్నాడు సారు. కాదనడానికి నాకు దారి లేదు. సంతకం పెట్టాను. ఏ ఉద్యోగం కోసం అబద్ధమాడానో అది కూడా నాకు దక్కలేదు. వానాకాలం పంటకు ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చున్నారు.

ఇప్పుడు నిజామాబాద్‌లో ఒక జిరాక్స్ షాపులో పని చేస్తున్నాను. వర్ని, కోటగిరి నుంచి రైతులు కాగితాల కోసం వస్తుంటారు. సొసైటీ పని ఎందుకు వదిలేశావని గుర్తుపట్టినవాళ్ళు అడుగుతారు. బస్సుల తిప్పలు పడలేక అని చెబుతాను. వాళ్ళు నిజమే అంటారు.