వకుళాదేవి మూడో ఖండన

తిరుపతిలో వకుళాదేవి పనిచేసే సర్కారు ఆఫీసు పేరు చెప్పను. చెబితే అలాంటి ఆఫీసేదీ లేదని మర్నాడు పేపర్లో ఖండన వస్తుంది. ఆ ఖండన రాసేది కూడా ఆవిడే.

ముప్పై ఒక్క ఏళ్లుగా ఆవిడ ఉద్యోగం అదే. పేపర్లోనో టీవీలోనో, ఇప్పుడైతే ఫోన్లలోనో, ప్రభుత్వానికి మింగుడుపడని వార్త ఏదైనా వస్తే అది నిజం కాదని ఒక కాగితం రాయాలి. దానికో మూస ఉంది. "ఫలానా ప్రచారంలో ఎంతమాత్రం వాస్తవం లేదు. ప్రజలు ఆందోళన చెందవద్దు." ఫలానా ఉన్నచోట సంగతి పెట్టి, పై అధికారి సంతకం తీసుకుని, పేపర్ల వాళ్లకు పంపితే ఆ పూటకు పని అయిపోయినట్టే. టైపు మిషన్ పోయి కంప్యూటర్ వచ్చింది గానీ మూసలో ఒక్క అక్షరం కదల్లేదు.

ఊరి జనం మాత్రం ఆ కాగితాలను వాళ్లకు కావలసినట్టు చదవడం నేర్చుకున్నారు. ఉల్లిగడ్డల కొరత లేదని వకుళాదేవి రాసిన రోజు మార్కెట్లో ఉల్లిగడ్డల కోసం తోసుకునేవాళ్లు. కరెంటు కోతలు ఉండవని రాస్తే ఇంటింటా డ్రమ్ముల్లో నీళ్లు పట్టుకునేవాళ్లు. బస్టాండు దగ్గర సంచుల అంగడి పెట్టుకున్న పీరా సాహెబ్ అయితే, ఆ రోడ్డులో అంగళ్లు తీసేయరన్న ఖండన చదివిన సాయంత్రమే సామాను మూటలు కట్టుకుని ఇంకో వీధికి మారిపోయాడు. రెండు నెలలకు రోడ్డు వెడల్పు చేశారు. ఆయన ఒక మంచి చేతిసంచి పట్టుకుని ఆఫీసుకు వచ్చి, "మేడమ్, మీ కాగితం చూసి బయటపడినాను. అల్లా మిమ్మల్ని సల్లగా చూడాల" అని మనస్ఫూర్తిగా దీవించి పోయాడు. ఆ సంచిని చూసినప్పుడల్లా వకుళాదేవికి నవ్వు వచ్చేది, అయినా దాన్ని ఒక్కనాడూ బజారుకు పట్టుకెళ్లలేదు.

ఇంట్లో పరిస్థితి కూడా అంతంతమాత్రమే. భర్త రామానుజ సంస్కృతం పంతులుగా రిటైరైన మనిషి, తిరునామం పెట్టుకోకుండా వీధిలోకి అడుగుపెట్టడు, భార్యను ఎన్నడూ ఒక్క మాట అన్నవాడు కాదు. కానీ "ఏమండీ, పెరుగు లేదు, తీసుకురండి" అంటే చాలు, లేచి ముందు ఫ్రిజ్ తెరిచి చూసేవాడు. ఆవిడ మొహం మాడ్చుకుంటే, "నమ్మకం లేక కాదు వకుళా, అలవాటు" అనేవాడు. ఆ అలవాటు ఎందుకు అయ్యిందో ఇద్దరికీ తెలుసు.

ఈ ఏప్రిల్ ముప్పైకి ఆవిడ రిటైర్మెంట్. ఇంక పన్నెండు రోజులు ఉన్నాయనగా ఆవిడ మనసులో ఒకే ఒక్క కోరిక మిగిలింది. తను రాసిన కాగితాన్ని జనం ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఉన్నది ఉన్నట్టు నమ్మాలి. ఇది ఎవరికైనా చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

సరిగ్గా అప్పుడే ఊటగుంటపల్లెలో ఎగిరే పళ్లెం దిగింది.

ఊటగుంటపల్లె పాకాల వైపు ఒక చిన్న పల్లె. మంగళవారం పొద్దు గూకే వేళ ఆకాశంలో వెండిలా మెరిసేది ఒకటి ఊరివాళ్లకు కనిపించింది. చూస్తుండగానే అది వాలుగా దిగి చెంగయ్య మామిడితోటలో పడింది. ఫోన్లలో తీసిన బొమ్మలు తెల్లారేసరికి జిల్లా అంతా తిరిగాయి. ఒక బొమ్మలో పళ్లెం ఉంది, ఇంకో బొమ్మలో కిటికీలున్నాయి, మధ్యాహ్నానికి వచ్చిన బొమ్మలో కిటికీలోంచి ఎవరో చెయ్యి ఊపుతున్నారు. వకుళాదేవి మూస తీసి నాలుగు నిమిషాల్లో ఖండన రాసింది. "ఊటగుంటపల్లెలో ఎగిరే పళ్లెం దిగిందన్న ప్రచారంలో ఎంతమాత్రం వాస్తవం లేదు. అక్కడ ఏ వస్తువూ పడలేదు. ప్రజలు ఆందోళన చెందవద్దు."

ఖండన రాకముందు తోట చూడ్డానికి వచ్చినవాళ్లు యాభైమంది. వచ్చాక అయిదువందలు దాటారు. విషయం అసలు తెలియనివాళ్లకు కూడా "ఆందోళన చెందవద్దు" చూడగానే తెలిసిపోయింది. ఐసు బండి వచ్చింది, మసాలా బొరుగుల బండి వచ్చింది, పిల్లలకు పచ్చటి గ్రహాంతరవాసి ముసుగులు అమ్మేవాడు ఎక్కడినుంచో ఊడిపడ్డాడు. రెండో ఖండన ఇంకా గట్టిగా రాస్తే జనం రెండువేలు అయ్యారు.

ఇంతలో వాతావరణ పరిశోధన చేసే వాళ్ల దగ్గర్నుంచి ఆఫీసుకు ఫోను. ఆ పడింది వాళ్లు ఎగరేసిన బెలూన్, దానికి కట్టిన యంత్రం పెట్టె వాళ్లకు కావాలి, వెళ్లి అడిగితే చెంగయ్య ఇవ్వనంటున్నాడట. ఎందుకివ్వవని అడిగితే ఆయన పేపరు చూపించి, "ఈడ ఏమీ పడలేదని సర్కారే రాసినాది కదప్పా. పడనిదాన్ని నేను యాడనుంచి తెచ్చి ఇచ్చేది?" అన్నాడట.

పై అధికారి కృష్ణమూర్తి తల పట్టుకున్నాడు. "మూడోది రాయండి మేడమ్. ఈసారి ఇంకా కఠినంగా."

వకుళాదేవి మూస తీసింది. ఫలానా దగ్గర చెయ్యి ఆగిపోయింది. ముప్పై ఒక్క ఏళ్లలో తను లేవని రాసినవి ఎన్నో, కానివని రాసినవి ఎన్నో. వాటిలో ఒక్కదాన్ని కూడా పోయి చూడలేదన్న సంగతి ఆవిడకు అప్పుడు గుర్తొచ్చింది. చూసిరావాలన్న ఆలోచన ఆ ఆఫీసులో ఎవరికీ ఎన్నడూ వచ్చినట్టు లేదు.

"సార్, జీపు ఇప్పించండి. చూసొచ్చి రాస్తాను" అంది.

కృష్ణమూర్తి ఆవిడను ఎగాదిగా చూశాడు. ఆ ఆఫీసు పుట్టాక అలాంటి మాట వినడం ఆయనకు అదే మొదలు.

దారిపొడుగునా డ్రైవర్ షాబాజ్ అద్దంలోంచి ఆవిడ మొహం చూస్తూనే ఉన్నాడు. చంద్రగిరి దాటాక ఇంక ఆగలేకపోయాడు. "మేడమ్, బయట ఎవురికీ చెప్పను. మన ఇద్దరి మధ్యనే. లోపల వాళ్లు ఎంతమంది ఉండారు?"

"ఎవరూ లేరు షాబాజ్."

"అట్లయితే శానామందే ఉండారు" అని బండి వేగం పెంచాడు.

తోటలో తిరునాళ్ల సందడి. చెంగయ్య డెబ్బై ఏళ్ల మనిషి, నులకమంచం మీద కూర్చుని వచ్చినవాళ్లకు కథ చెప్పీ చెప్పీ గొంతు బొంగురు చేసుకున్నాడు. పక్కన గంప బోర్లించి ఉంది. ఆయన భార్య నాగులమ్మ దేనికైనా మంచిదని ఆ గంపకు పసుపు రాసి బొట్టు పెట్టింది. సర్కారు మనిషి వచ్చిందనగానే జనం చుట్టూ మూగారు.

"అయ్యా, అది వానలూ ఎండలూ చూసేవాళ్ల బెలూన్" అంది వకుళాదేవి.

"మాకు పైకి పోయేవి తెల్వనివి కాదమ్మా" అన్నాడు చెంగయ్య. "సూళ్లూరుపేట కాడ్నించి లేసిన రాకెట్లన్నీ మిద్దెక్కి సూసినోళ్లం. అవన్నీ పోతాయి. ఇది వచ్చింది. పోయేది మీది, వచ్చేది ఎవురిది?"

జనం ఈలలు వేశారు. వకుళాదేవికి కూడా నవ్వు ఆగలేదు. ఆయన వాదనలో తప్పు పట్టడానికి ఏమీ కనిపించలేదు.

"అయినా పేపర్లో ఏమీ పడలేదని రాసింది ఎవురు?" అని అడిగాడు చెంగయ్య.

"నేనే రాసినాను."

చెంగయ్య ఆవిడను తేరిపార చూశాడు. నెమ్మదిగా లేచి ఇంట్లోకి పోయి, ప్లాస్టిక్ కవర్లో మడిచిపెట్టిన పాత పేపరు ముక్క తెచ్చి చేతిలో పెట్టాడు. "అట్లయితే ఇదీ నువ్వేనా సూడమ్మా."

అది ఇరవై ఏళ్ల నాటి ఖండన. ఊటగుంటపల్లె భూముల్లోంచి రోడ్డు వేస్తారన్న ప్రచారంలో ఎంతమాత్రం వాస్తవం లేదు. ప్రజలు ఆందోళన చెందవద్దు.

"అప్పుడు నేను నమ్మినాను తల్లీ" అన్నాడు చెంగయ్య. గొంతులో కోపం లేదు. "ఊరంతా నమ్మొద్దనింది. సర్కారు రాసింది అబద్ధమెట్ల అయితాదని వాళ్లతో పోట్లాడి బావి తవ్విచ్చినాను. మంచి ఊట పడింది. ఎనిమిది నెలలకు దాని మింద రోడ్డేసినారు. ఇప్పుడు నువ్వు జీపులో వచ్చింది ఆ బావి మిందనే."

ఈలలు ఆగిపోయాయి. వకుళాదేవికి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. ఇన్నేళ్లూ తనను ఎవరూ నమ్మడం లేదని బాధపడింది గానీ, నమ్మినవాడు ఒకడు ఉంటాడనీ, వాడికి ఇలా అయి ఉంటుందనీ ఒక్కనాడూ అనుకోలేదు.

"ఇది నేనే రాసినాను" అంది. "పైనుంచి ఏం చెబితే అది రాసినాను. ఈడికి వచ్చి చూడలేదు, నిజమా అని ఒక్కర్ని అడగలేదు. తప్పు నాది నాయనా. మొన్న కూడా చూడకుండానే ఏమీ పడలేదని రాసినాను. అదీ తప్పే. పడింది. మీ గంప కింద ఉండాది."

నాగులమ్మ ముందు తేరుకుని ఒక చెంబుతో మజ్జిగ తెచ్చి ఆవిడ చేతికిచ్చింది. "తాగమ్మా. ఎండన పడి వచ్చినావు."

గంప ఎత్తారు. తెల్లటి థర్మోకోల్ పెట్టె, దారం, చిరిగిన రబ్బరు. పెట్టె మీద అంటించిన కాగితంలో హిందీలో, ఇంగ్లీషులో ఏదో ఉంది గానీ తెలుగు లేకపోవడం వల్ల అది వేరే లోకపు రాత అని ఊరు తీర్మానించింది. వకుళాదేవి దాన్ని గట్టిగా తెలుగులో చదివి వినిపించింది. ఇది వాతావరణం కొలిచే పరికరం, ప్రమాదం లేదు, దొరికినవాళ్లు ఈ నంబరుకు చెప్పండి.

"సరేలేమ్మా, బెలూనే అనుకుందాం" అన్నాడు చెంగయ్య. "ఒక్కటి మాత్రం నిజం చెప్పు. పైన ఎవురన్నా ఉండారా, లేరా?"

తోట మొత్తం చెవులు రిక్కించింది. షాబాజ్ అందరినీ తోసుకుని ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నాకు తెల్దు నాయనా" అంది వకుళాదేవి. "మా ఆఫీసులో ఎవరికీ తెల్దు."

చెంగయ్య మంచం మీద చరుచుకుంటూ పకపకా నవ్వాడు. "డెబ్బై ఏండ్లకు సర్కారు నోట తెల్దు అనే మాట ఇన్నానబ్బా! పోండప్పా అందరూ, ఇండ్లకు పోండి. ఇది బెలూనే. ఈయమ్మ అబద్ధం చెప్పేదయితే పైన ఎవురూ లేరని ఆడనే చెప్పుండేది." పెట్టెను తనే మోసుకుంటూ వచ్చి జీపులో పెట్టాడు.

వకుళాదేవి ఆ మధ్యాహ్నమే మూడో ఖండన రాసింది. మూస ముట్టుకోలేదు. "ఊటగుంటపల్లెలో ఏమీ పడలేదని మేము ముందు రాసినది తప్పు. ఒకటి పడింది. అది వాతావరణ బెలూన్. ఈ కాగితం రాస్తున్న వకుళాదేవి స్వయంగా వెళ్లి, చేత్తో పట్టుకుని చూసింది. ఆకాశంలో ఇంకెవరైనా ఉన్నారో లేదో ఈ ఆఫీసుకు తెలియదు."

కృష్ణమూర్తి కళ్లద్దాలు సవరించుకుంటూ రెండుసార్లు చదివాడు. "చివరి వాక్యం తీసేద్దాం మేడమ్."

"తీసేస్తే ఉన్నారనుకుంటారు సార్."

ఆయన ఇంక చేసేదేమీ లేక సంతకం పెట్టాడు.

మర్నాడు పదిగంటలకు చెంగయ్య ఫోను చేశాడు. "అమ్మా, పేపరు సదివినాం. ఈపొద్దు తోటకు ఒక్కడూ రాలేదు. ఐసు బండోడు నిన్ను తిట్టుకుంటా పోయినాడు." వకుళాదేవి ఫోను పెట్టేసి, సీట్లోంచి లేచి, ఎందుకు లేచిందో తెలియక మళ్లీ కూర్చుంది. ఆరోజు ఆఫీసులో అందరికీ కాఫీ, మైసూర్‌పాకూ ఆవిడే తెప్పించింది. సందర్భమేమిటని అడిగినవాళ్లకు ఏమీ లేదంది. ఏదో ఉందని వాళ్లకు వెంటనే అర్థమైంది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి రామానుజ వరండాలో ఆ పేపరే ముందు పెట్టుకుని ఉన్నాడు. ఖండన చుట్టూ ఎర్రసిరాతో గీత గీసి ఉంది, పరీక్ష కాగితం దిద్దినట్టు. ఆవిడ వంటింట్లోకి పోయి సాత్తుమదు చారుకు చింతపండు నానేస్తూ, ఎప్పటిలాగే కేకేసింది. "ఏమండీ, పెరుగు లేదు."

రామానుజ లేచాడు. వంటింట్లోకి వచ్చి గూట్లోంచి స్టీలు గిన్నె తీసుకున్నాడు. ఫ్రిజ్ పక్కనుంచే నడిచి, చెప్పులు తొడుక్కుని, గేటు తీసుకుని వీధిలోకి వెళ్లిపోయాడు.

వకుళాదేవి చింతపండు చేతులతో అలాగే నిలబడిపోయింది. ఆయన వీధి మలుపు తిరిగాక ఆవిడకే అనుమానం వచ్చింది. గబగబా చేతులు తుడుచుకుని ఫ్రిజ్ తెరిచి, పైఅరా కిందఅరా అంతా వెతికింది.

నిజంగానే లేదు.