కోటయ్య ఐదు రేకుల పువ్వు, నేను కొట్టిన ఇంటూ

నిన్న ఉదయం ఆరుంబావుకి ఫోను.

"టీచరుగారూ, కోటయ్య పోయాడండీ."

"ఏ కోటయ్య? సరిగ్గా కనుక్కుని చెప్పండి" అని కసిరి పెట్టేశాను.

ఐదు నిమిషాలకి మళ్ళీ మోగింది. మా కోటయ్యే. అచ్చులు చెక్కే కోటయ్య. నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఇంకా తగ్గలేదు. ఆ కోపంతోనే రాస్తున్నాను, చదివేవాళ్ళు సర్దుకోండి.

నిన్నటి నుంచి గ్రూపుల్లో "గొప్ప ఆర్టిస్ట్" అని స్టేటస్‌లు పెడుతున్నారు. మీలో ఎంతమంది పెడనలో అతని షెడ్డు గుమ్మం తొక్కారు? బతికున్నన్నాళ్ళూ "ఆ చెక్కపని అతను" అన్నది మీరే కదా?

నేను బందరులో లెక్కల టీచరుగా రిటైరయ్యాను. అతను ఏడో తరగతితో బడి మానేసి, కలంకారీ బట్టల మీద అద్దే టేకు అచ్చులు చెక్కేవాడు. మాకు స్నేహం కలిపింది ఒక పువ్వు.

ఆరేళ్ళ కిందట మా వరండాలోకి వచ్చి నిలబడ్డాడు.

"కాగితం మడిచి నాలుగు రేకులు తీస్తానండీ, ఆరూ ఎనిమిదీ కూడా తీస్తాను. ఐదు కుదిరి చావట్లేదు. గన్నేరు పువ్వుకి ఐదేగా? మరి దేవుడికెలా కుదిరిందంటారు?"

వృత్తాన్ని ఐదు సమభాగాలు చేయడం నేర్పాను. వారంలో ఐదు పలకల చట్రంలో పువ్వు చెక్కి తెచ్చాడు. చక్కటి పని.

కానీ గుడ్డ మీద అద్దితే పక్కపక్కన అతకదు. నాలుగు పలకలవి అతుకుతాయి, ఆరు పలకలవి అతుకుతాయి. ఐదు పలకలవి మూడు ఒక మూలకి చేరిస్తే ఇంకా ముప్ఫై ఆరు డిగ్రీల సందు మిగిలిపోతుంది. నాలుగోది పట్టదు.

"ఇది ఎప్పటికీ అతకదు కోటయ్యా. లెక్క ఒప్పుకోదు" అని అచ్చు వెనక ఎర్ర స్కెచ్ పెన్నుతో ఇంటూ కొట్టి ఇచ్చాను.

పేపర్లు దిద్దిన చెయ్యి. అలవాటు.

ఇంకో వారానికి ఒక గుడ్డ తెచ్చి మా టేబుల్ మీద పరిచాడు. గుడ్డ నిండా అదే పువ్వు.

సందుల్లో చేపలు.

ఇరుకు సందుకి సన్నటి చేప. తల ఒక కొసకి, తోక ఒక కొసకి. అవి అచ్చుతో అద్దినవి కావు, కలంతో ఒక్కోటీ చేత్తో గీసినవి. ఒకటి ఇంకోదానిలా లేదు. ఒకటైతే నా వంక గుడ్లురిమి చూస్తోంది.

"అది మీరేనండీ" అన్నాడు.

"అయినా నా లెక్క తప్పు కాదు."

"తప్పని ఎవరన్నారండీ? సందు ఎంతుంటుందో మీరు చెప్పబట్టేగా చేప సైజు తెలిసింది!"

ఆ గుడ్డ ఎవరో కొనుక్కుపోయారు. ఫోటో తీసుకోవాలని నాకు తోచలేదు. ఆ పువ్వు కాగితం మీద గీసి ఉంచమని ఎన్నిసార్లు మొత్తుకున్నానో. "చెక్క మీద ఉందిగా, కాగితం దేనికండీ?" అనేవాడు.

నిన్న నేను వెళ్ళేసరికి, అతనికి స్నానం చేయించడానికి రంగులుడికించే రాగి కాగులో నీళ్ళు కాస్తున్నారు. అరిగిపోయిన అచ్చుల్ని ఆ కాగు కింద వేయడం షెడ్డులో మామూలే.

మంటలో ఐదు పలకల చెక్క ఒకటి కనిపించింది.

కర్రతో బయటికి లాగాను. ఒక్క రేకు మిగిలింది.

శవం దగ్గర అరవకూడదు. అరిచాను. "ఏ బుద్ధిలేనివాడు వేశాడిది?"

షెడ్డులో ఈమధ్యే పనికి చేరిన సుబ్బారావు ముందుకొచ్చాడు. "నేనేనండీ. వెనక ఎర్ర ఇంటూ ఉందండీ. మా దగ్గర ఎర్ర ఇంటూ ఉంటే పనికిరానిదనండీ. పొయ్యిలోకే."

కర్ర కింద పడేశాను.

కోటయ్య భార్య నాగమణి అంది. "చెరిపేద్దామంటే ఒప్పుకునేవాడు కాదమ్మా. 'టీచరుగారు దిద్దిన అచ్చే' అని వచ్చినవాళ్ళందరికీ తిప్పి మరీ చూపించేవాడు."

ఇప్పుడు చెప్పండి, నేనెవర్ని తిట్టాలి? గుర్తు చూసి పని చేసిన సుబ్బారావునా? ఆ గుర్తు అర్థం తెలిసీ చెరపనివ్వని కోటయ్యనా? చేపలు చూశాక కూడా ఆ ఇంటూ చెరిపేయాలని తోచని నన్నా?

ఈ పొద్దున గ్రాఫ్ పేపర్ తీశాను. ఒక రేకు ఉంటే చాలు. డెబ్భై రెండు డిగ్రీల చొప్పున తిప్పితే మిగతా నాలుగూ వస్తాయి. వచ్చాయి. కాగితం నాగమణికి పంపుతున్నాను, షెడ్డులో మళ్ళీ చెక్కిస్తానంది.

పువ్వులు పక్కపక్కన గీసి చూశాను. సందుల దగ్గర పెన్సిల్ ఆగిపోయింది. చేప ఏ లెక్కకీ రాదు. అక్కడ ఖాళీగానే వదిలేశాను.

కోటయ్యా, కాగితం మూల ఎర్ర పెన్నుతో రైట్ కొట్టాను. ఆరేళ్ళు లేటు.

ఇక సెలవు. ఉలి పక్కన పెట్టి, నడుం వాల్చి, హాయిగా నిద్రపో నాయనా.