టేకులపల్లి దారిలో, చెల్లెలి పాప చెవులు కుట్టించిన రోజు

ఈ ప్రయాణానికి నేను సంతోషంగా బయలుదేరలేదు. టేకులపల్లి దగ్గర అడవి అంచు ఊళ్ళో టీచరుగా పనిచేసే మా చెల్లెలు రజిత, ఏడు నెలల కూతురికి చెవులు కుట్టిస్తున్నానని ఫోన్ చేసింది. "శ్రీనన్న రెండ్రోజులు సెలవు పెట్టిండక్కా. ఆయన ఒళ్ళనే కూసోవెడతం" అంది. శ్రీను నాకు తమ్ముడు. మూడేళ్ళ కిందట నా కూతురు హర్షిణికి చెవులు కుట్టించినప్పుడు వాడు లేడు. ఖమ్మంలో ఒక దుకాణంలో మిషన్‌తో రెండు నిమిషాల్లో పని అయిపోయింది. కుడి చెవి మానింది. ఎడమ చెవి చీము పట్టి పూడుకుపోయింది. ఇప్పటికీ పాపకు ఒక్క చెవికే పోగు. ఫోన్ పెట్టేశాక రజిత మీద కడుపుమంట మొదలైంది.

ఖమ్మంలో ఆరున్నరకు నేనూ హర్షిణీ ఇల్లందు బస్సెక్కితే ఎనిమిది దాటాక దిగాం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్ ఉచితం కాబట్టి ఖర్చంతా ఆటోకే. ఊరి దాకా నాలుగు వందలకు ఆటో నడిపే ఖాదర్ భాయ్ ఒప్పుకున్నాడు. ఎందుకు వెళ్తున్నామో చెబితే నవ్వాడు. "మా ఇండ్లల్ల గూడ చిన్నగున్నప్పుడే కుట్టిస్తమమ్మా. మా బిడ్డను నేనే పట్టుకున్న. అది ఏడ్వలే, నేనే ఏడ్చిన." ఆయన కూతురి మీద కూడా నాకు అసూయ కలిగింది. హర్షిణికి కుట్టించిన రోజు మా ఆయన దుకాణం బయట ఫోన్ మాట్లాడుతూ నిలబడ్డాడు. దారికి రెండువైపులా టేకు చెట్లు ఉన్నాయి గానీ నేను సరిగా చూడలేదు.

తొమ్మిదింబావుకు చేరేసరికి శ్రీను అప్పటికే అక్కడున్నాడు. బంగారు పోగులు, కొత్త గౌను తెచ్చాడు. రజిత పాప వాడి మీసం పట్టుకుని లాగుతోంది. పదింటికి కంసాలి వీరాచారి తాత వచ్చాడు. మరిగించిన నీళ్ళతో కుట్టే తీగ కడిగి, చెవి తమ్మెల మీద చుక్కలు పెట్టి, చకచకా కుట్టేశాడు. పాప గుక్కపట్టి ఏడ్చింది. శ్రీను దాన్ని గుండెకు అదుముకుని భుజంతో కళ్ళు తుడుచుకున్నాడు. చూడలేక వంటింట్లోకి వెళ్ళాను. అక్కడ పక్కింటి ఎంకమ్మ కోడికూర వండుతోంది. ఆమెది అడవి పల్లె. "మా దిక్కు మగపోరగాండ్లకు గూడ కుడతమమ్మా. మ్యానమామ రాకుంటే కుట్టనే కుట్టం" అంది. మామూలుగానే అంది, నాకు మాత్రం సూది దిగినట్టయింది.

భోజనాలయ్యాక పాప నిద్రపోయింది. అరుగు మీద శ్రీను ఒక్కడే దొరికాడు.

"ఏందిరా, దాని బిడ్డకు రెండ్రోజులు సెలవు పెట్టినవు. నా బిడ్డకు ఒక్క గంట దొరకలేదా?"

వాడు నా వైపు తిరిగాడు. "నువ్వు పిలిస్తివా అక్కా? అంత అయిపోయినంక ఫోటో పంపినవు. ఆ రోజు నేను ఖమ్మంలనే ఉన్న."

నిజమే. అప్పుడు వాడికి ఉద్యోగం పోయింది. ఉత్త చేతులతో వస్తే అత్తింటివాళ్ళ ముందు నాకు చిన్నతనమని పిలవలేదు. తర్వాత అందరితో వాడే రాలేదని చెప్పాను, చెప్పగా చెప్పగా నేనూ అదే నమ్మాను.

"నీకు పని లేకుండె, ఇబ్బందైతదని…"

"ఒళ్ళ కూసోవెట్టుకునేటందుకు పనెందుకక్కా?"

వాడు హర్షిణిని ఒళ్ళోకి తీసుకుని తాతను పిలిచాడు. తాత ఎడమ చెవి తడిమి చూశాడు. "లోపల గట్టివడ్డది. ఇయ్యాల కుట్టొద్దు. దవాఖానల సూపియ్యుండ్రి. డాక్టర్ మంచిదంటే అప్పుడు తీస్కరాండ్రి." శ్రీను సరేనన్నాడు, కానీ పాపను దించలేదు. మూడున్నరకు ఆటో వచ్చేదాకా అది మామ ఒళ్ళోనే కూర్చుంది.

అసూయ పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. గుక్కపట్టిన పసిపిల్లను పట్టుకుని మేనమామ కళ్ళు తుడుచుకునే ఆ క్షణం హర్షిణికి ఇక రాదు. రజిత పాపకు వచ్చింది. తలుచుకుంటే ఇప్పటికీ మండుతుంది. అయితే ఆ మంట ఎవరి మీద ఉండాలో మూడేళ్ళు తప్పుగా అనుకున్నాను. డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్దామని రాత్రి శ్రీనుకు నేనే ఫోన్ చేశాను.

మీరూ వెళ్తుంటే ఒక్క మాట. పొద్దున్నే కుట్టించండి, వెంటనే తిరుగు బస్సెక్కకండి. ఏడ్చి అలసిన బిడ్డ మధ్యాహ్నం రెండు గంటలు నిద్రపోతుంది. పెద్దవాళ్ళు మాట్లాడుకోవలసినవి ఆ రెండు గంటల్లో మాట్లాడుకోవచ్చు.