చున్నీకి తగిలిన బంతి

మా చిన్నప్పుడు... బంతి మీదకొస్తుంటే ఒక చేత్తో చున్నీ పట్టుకుని పరిగెత్తేవాళ్ళం.

మా హైస్కూల్లో ఆడపిల్లలకి ఫుట్‌బాల్ జట్టు ఉండేది. బూట్లు లేవు, జెర్సీలు లేవు... యూనిఫాం పంజాబీ డ్రెస్సే మా జెర్సీ. చున్నీని భుజం మీదుగా అడ్డంగా వేసి, నడుము దగ్గర ముడేసి, పైన పిన్నీసు పెట్టుకునేవాళ్ళం.

మా నాన్న కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపేవాడు. మా ఇంట్లో బడికి వెళ్ళింది నేనే మొదలు. "ఆడుకో. చున్నీ మాత్రం ఒంటి మీద నుంచి తియ్యకూడదు" అన్నాడు నాన్న. నా ఆటంతా ఆ ఒక్క షరతు మీదే నిలబడి ఉండేది.

తొమ్మిదో తరగతిలో, గోదావరి పాయకి అవతలి ఊరి బడితో పోటీ. ఇంకో రెండు నిమిషాల్లో అయిపోతుంది... రెండు వైపులా గోలు లేదు. నేను మా గోలు ముందు నిలబడ్డాను. బంతి ఎగిరొచ్చి నా చున్నీ కొంగుకి తగిలి పక్కకి పోయింది.

ఈల!

"హ్యాండ్ బాల్. పెనాల్టీ" అన్నాడు రిఫరీ.

మా డ్రిల్లు మాస్టారు పరుగున వచ్చారు. "చున్నీ చెయ్యేంటండీ బాబూ?"

"చేత్తో పట్టుకుంటే చెయ్యేనండి" అన్నాడాయన నిమ్మళంగా.

మా గోల్‌కీపర్ లక్ష్మి ఊరుకుంటేగా... "అయితే నా జడకి తగిలితే తలకాయతో కొట్టినట్టాండీ?"

చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆయన నవ్వలేదు. పెనాల్టీ కొట్టారు... ఓడిపోయాం.

తిరిగొచ్చేటప్పుడు లక్ష్మే కూపీ లాగింది. ఆ రిఫరీ, అవతలి బడి డ్రిల్లు మాస్టారు తోడల్లుళ్ళట! అక్కాచెల్లెళ్ళని చేసుకున్నారట. "అదీ సంగతి!" అన్నాం అందరం ఒక్కసారే. ఆ తర్వాత మా బడిలో ఆ మ్యాచ్ గురించి ఇంకో మాట లేదు... తోడల్లుడు గెలిపించాడు, అంతే.

నిజానికి నా పిన్నీసు ఊడిపోయింది. కొంగు జారకుండా గుప్పిట్లో పట్టుకునే ఉన్నాననుకుంటా. ఆ మాట అప్పుడు ఎవరికీ చెప్పలేదు. ఈమధ్య ఆట నియమాలు తీసి చదివితే, చేత్తో పట్టుకున్న వస్తువు బంతికి తగిలినా తప్పేనని ఉంది. ఆయన తీర్పు సరైనదే అయ్యుండొచ్చు... కానీ తోడల్లుడి జట్టు కాకపోతే అంత చురుగ్గా చూసేవాడా? ఆ అనుమానం నాకు ఇప్పటికీ పోలేదు.

మరుసటి ఏడు పోటీలకి ముందు బడికి ఒక కాగితం వచ్చింది. రూలు మారిందట. లక్ష్మి అది చూస్తూనే, "మనల్ని ఆపడానికే పెట్టారే ఇది. ఆ తోడల్లుళ్ళ పనే!" అంది.

సాయంత్రం వసారాలో నాన్న ముందు నిలబడి చదివాను. 'ఆడపిల్లలు జెర్సీ, ట్రాక్ ప్యాంటు వేసుకోవాలి. చున్నీలు, గాజులు, పిన్నీసులతో మైదానంలోకి రానివ్వరు.'

నాన్న కాగితం అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అందులో అలాగే ఉందా?"

"ఉంది నాన్నా."

"చున్నీ వద్దన్న ముక్క నువ్వే కలిపి చదూతున్నావేమో."

నా మొహం కందిపోయింది. "మాస్టారిని అడుగు."

"ఆయనా మీ పక్షమేగా."

పొద్దున్నే నన్ను సైకిలు వెనక ఎక్కించుకున్నాడు. రేవులో పంటు ఎక్కి పాయ దాటాం. ఎక్కడికో చెప్పలేదు. తీరా చూస్తే... ఆ రిఫరీ ఇల్లు!

"మన జట్టంటే పడని మనిషి. మన కోసం అబద్ధం చెప్పడు" అన్నాడు నాన్న, సైకిలు స్టాండు వేస్తూ.

ఆయన బనీనుతో మొక్కలకి నీళ్ళు పోస్తున్నాడు. నన్ను చూస్తూనే, "నువ్వు చున్నీ పిల్లవి కదూ?" అన్నాడు. తల దించుకున్నాను.

"ఈ కాగితం కాస్త చదివి పెట్టండి బాబూ" అన్నాడు నాన్న.

"మీ అమ్మాయి చదవలేదా?"

"చదివిందండి. అందుకేనండి వచ్చాను."

ఆయన నావైపు ఒకసారి చూశాడు. చేతులు తుడుచుకుని, అరుగు మీద కూర్చుని, ఒక్క ముక్క వదలకుండా చదివాడు. నేను చదివిందే. చివర్లో కాగితం మడిచిస్తూ, "ఈ పిల్ల ఆడకపోతే మా తోడల్లుడికి పండగేనండి. నేను అబద్ధం చెప్పాలంటే, చున్నీతోనే పంపండని చెప్పాలి... మైదానంలోకి రానివ్వరుగా" అన్నాడు.

వెనక్కి వచ్చేటప్పుడు పంటు మీద నాన్న అన్నాడు... "నువ్వు చదివిందే చదివేడు."

"చెప్పానుగా."

"సరే... ఆడుకో."

నేను గెలిచినట్టే. సంతోషపడాల్సింది. కానీ ఇల్లు చేరేదాకా నాన్నతో మాట్లాడలేదు. పెనాల్టీ ఇచ్చినవాణ్ణి నమ్మాడు... నన్ను నమ్మలేదు.

పదోతరగతి అయ్యేదాకా ట్రాక్ ప్యాంటుతో ఆడాను. మైదానం చుట్టూ అందరూ ఆ రిఫరీని తిడుతుంటే నాన్న ఒక్కడే, "ఆయన ఉన్నదున్నట్టు చెప్పే మనిషండి" అని వాదించేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఇప్పుడు ఫోన్లో మ్యాచ్‌లు చూస్తున్నాను. ఏడాదికో రూలు మారుస్తారు. పది వైపుల నుంచి మళ్ళీ మళ్ళీ చూపిస్తారు, తెర మీద గీతలు గీస్తారు... అయినా కింద కామెంట్లలో ఒకటే మాట, రిఫరీ అమ్ముడుపోయాడని. ఆ తీర్పుల్ని నేనూ నమ్మను. గీత గీసిన చెయ్యి ఎవరిదో కనబడదుగా!

నాన్న మాత్రం మారిపోయాడు. బ్యాంకు కాగితమైనా, ఆసుపత్రి చీటీ అయినా తెచ్చి నా చేతిలో పెడతాడు. నేను చదువుతాను, ఆయన తల ఊపుతాడు... అంతే. ఇంకెవరినీ అడగడు. ఒకప్పుడు అదే కావాలని ఏడ్చాను. ఇప్పుడేమో, నేను తప్పు చదివినా పట్టుకునేవాళ్ళు లేరే అని భయమేసి... ప్రతి కాగితం రెండుసార్లు చదువుతున్నాను.

మీ మాట నమ్మక, మీ ఇంట్లోవాళ్ళు ఇంకెవరినో అడగడానికి వెళ్ళిన రోజు మీకూ ఉందా? ఉంటే రాయండి... ఆ వెళ్ళింది ఎవరి దగ్గరికో కూడా రాయండి.