ఇబ్రహీంపట్నంలో తెర మీద పడిన వల

పత్రికలో ముప్పై ఏళ్లు రిపోర్టరుగా పనిచేసి మానుకున్నాక, ఇబ్రహీంపట్నం చెరువు మీద బతికే మత్స్యకారుల గురించి ఇరవై నిమిషాల డాక్యుమెంటరీ తీశాను. అందులో ఎక్కువగా కనిపించే మనిషి యాదయ్య. పెద్ద అంబర్‌పేట్‌లో ఒకసారి చూపించాను. ఆ తర్వాతి ఆదివారం మీర్‌పేట్‌లో ప్రదర్శన ఉంది. ఈలోగా ఆ మత్స్యకారుల సినిమా వాళ్లకే చూపించాలనిపించింది.

ఎల్బీనగర్‌లో మధ్యాహ్నం రెండున్నరకు బస్సెక్కాను. ప్రొజెక్టరు సంచి ఒళ్లో పెట్టుకుంటే పక్కనామె అడిగింది: "గా సంచిల ఏముందన్నా, మిక్సీనా?"

"సినిమా వేసే మిషనమ్మా. చేపలు పట్టేవాళ్ల సినిమా."

"పాటలున్నయా?"

"లేవు."

"మరి గంత బరువెందుకు మోస్తున్నవ్?" అని నవ్వింది.

దిగి, చాయ్ తాగి, యాదయ్య ఇంటికి వెళ్లేసరికి నాలుగు. ఇంకో నెలలో చెరువులో చేపలు పట్టడం మొదలవుతుందని అతను వల బాగుచేసుకుంటున్నాడు. అతని భార్య సత్తెమ్మ జొన్నరొట్టె, టమాట తొక్కు పెట్టింది.

"జర ముందుగాల మాకు చూపియ్యరాదు సారు?" అన్నాడు యాదయ్య.

అందరితో కలిసి చూస్తేనే బాగుంటుందన్నాను.

ఆరున్నరకు మత్స్యకారుల సంఘం గదిలో తెల్లబట్ట కట్టాం. యాభై మంది దాకా వచ్చారు. "అగో, మల్లిగాడు కెమెరా జూసి పొట్ట లోపటికి గుంజిండు" అని ఎవరో అంటే గదంతా నవ్వింది. పదో నిమిషంలో యాదయ్య తెప్ప మీద నిలబడి వల విసిరాడు. అది గొడుగులా విచ్చుకుని నీళ్ల మీద పడింది. నేను తీసిన వాటిలో నాకు బాగా నచ్చిన దృశ్యం. ఆ వెంటనే అతని అరచేతిలో చేప.

నవ్వులు ఆగిపోయాయి.

"ఆపు సారు" అన్నాడు సంఘం అధ్యక్షుడు కిష్టయ్య. "యాదన్నా, గా చేప నీ అరచెయ్యంత లేదు. పిల్లల్ని ఇడిసినంక ఏసినవా వల?"

చెరువులో చేపపిల్లలు వదిలాక, అవి పెరిగి సంఘం ఒక రోజు చెప్పేదాకా ఎవరూ వల వేయకూడదు. వేసినవాడికి ఆ ఏడాది చెరువులో చేపలు పట్టే హక్కు ఉండదు. ఇది నాకు తెలియదు, ఎవరినీ అడగలేదు. షూటింగు రోజు పొద్దున వెలుతురు బాగుంది. ఒక్కసారి విసరమని బతిమాలింది నేనే.

యాదయ్య లేచాడు. "అవ్, ఏసిన. చేపను మళ్ల నీళ్లల్లనే ఇడిసిన." నా మాట ఎత్తలేదు.

"నేనే అడిగాను" అన్నాను, కాస్త ఆలస్యంగా.

"నీకు ఎర్క లేదు సారు. ఆయనకు ఎర్కనే గద" అన్నాడు కిష్టయ్య, కోపం లేకుండానే. "పోయినేడు నా తమ్మున్నే ఆపినం. ఇప్పుడు ఈయన్ని ఇడిస్తే వాడేమంటడు?"

మిగతా సినిమా చూపించమని ఎవరూ అడగలేదు.

ఎనిమిదింటి బస్సుకు యాదయ్యే సంచి మోసుకొచ్చాడు. ఈ ఏడాది ఎట్లా అన్నాను.

"సత్తెమ్మ కూలికి పోతనే ఉంది. నేను గూడ పోత." సంచి నా చేతికిస్తూ అడిగాడు. "గా ముక్క తీసెయ్యొస్తదా?"

"వస్తుంది. రేపే తీసేస్తా."

"తియ్యకు సారు. వల మంచిగ పడ్డది."

తిరుగు బస్సు సగం ఖాళీ. ఒక్క వార్త రాసే ముందు ఇద్దరినైనా అడిగి రాసినవాణ్ని, ఆ దారంతా ఆలోచించినా ఒక్కరినైనా ఎందుకు అడగలేదో తేల్చుకోలేకపోయాను. ఆదివారం మీర్‌పేట్‌లో ఆ దృశ్యానికి చప్పట్లు కొట్టారు. నేను వైరు సర్దుతున్నట్టు కిందికి వంగాను.