సున్నం పట్టీ

ఆయన అసలు పేరు ఆఫీసు వాళ్లకి తప్ప ఎవరికీ గుర్తు లేదు. ఊరందరికీ సున్నం మామ. అడవి కాపలా ఆయన పని. నడుముకి సున్నం డబ్బా, చేతిలో కుంచె, ముఖాన ఎప్పుడూ ఎవరితోనో తగువులాడి వచ్చినట్టు చిరాకు.

అడవి అనగానే పచ్చగా ఊహించుకోకండి. సముద్రం పక్కనే ఉన్నా వాన మొహం చూడని అడవి అది. ఎక్కువ కాలం ముళ్లూ, మోడులూ, ఉప్పుగాలీ తప్ప ఏమీ ఉండవు. ఆ ముసలి మోడుల తొర్రల్లోనే ఎర్ర నుదురు చిలుకలు గుడ్లు పెడతాయి. ఇంకో చోట చచ్చినా పెట్టవు. ఎండిన మోడు కనబడితే పొయ్యి గుర్తొచ్చే మనుషుల మధ్య, పాపం, అదీ వాటి బతుకు.

మామ కూడా ఒకప్పుడు కట్టెలు కొట్టినవాడే. బావమరిదికి గొడ్డలి పట్టడం నేర్పింది ఆయనే. అందుకే కాపలాలో చేరగానే కట్టెలవాళ్ల మీద కర్ర ఎత్తలేదు, కూర్చోబెట్టి మాట తీసుకున్నాడు. గూడున్న చెట్టుకి సున్నంతో పట్టీ గీస్తాను, దాని జోలికి రావద్దు. మిగతా ఎండు చెట్లు కొట్టుకుంటే నేను చూడలేదనుకోండి. ఏళ్లు గడిచినా ఒక్కడూ ఆ మాట తప్పలేదు.

"నా మెడకీ ఓ పట్టీ గియ్యి బావా, మా ఆవిడ నా జోలికి రాకుండా ఉంటుంది" అనేవాడు బావమరిది.

ఆ ఏడు చిలుక పిల్లలు మాయం కాసాగాయి. ఎవరో తొర్ర అంచు చెక్కి వెడల్పు చేసి, రెక్కలు రాని పిల్లల్ని పంజరాల వ్యాపారులకి అమ్ముకుంటున్నారు. వాళ్లకి వెతుక్కునే శ్రమ కూడా లేదు. తెల్ల పట్టీ ఎక్కడుంటే గూడు అక్కడే. దొంగ చేతికి తాళాలిచ్చింది తానేనని తెలిసిన రోజు మామకి ముద్ద దిగలేదు. అప్పటికి పిల్లలున్న గూడు ఒక్కటే మిగిలింది, సముద్రం వైపు వాలిన ఎండు చెట్టులో.

"పట్టీ చెరిపేస్తాను" అన్నాడు పెళ్లాంతో.

"మరి కట్టెలవాళ్లకి తెలియొద్దూ? మా తమ్ముడికైనా చెప్పు."

"ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడు. ఎవడి కడుపులో ఏముందో ఎవరికి తెలుసు?"

"నా తమ్ముడి కడుపులోనా?"

బావమరిది ఈమధ్యే కొత్త సైకిలు కొన్నాడు. అది ఎక్కడినుంచి వచ్చిందో అడగొచ్చు. మామ అడగలేదు, అనుమానించాడు.

కత్తి వెనక వైపుతో సున్నం గీకి, పైన మట్టి పులిమాడు. కొన్నాళ్లు ఆ చెట్టు దగ్గరే కాపు కాశాడు. ఆఫీసు నుంచి కబురొస్తే ఒక్క పూట వెళ్లాడు.

తిరిగి వచ్చేసరికి గుమ్మంలో బావమరిది కూర్చుని ఉన్నాడు. ఒళ్లో తువ్వాలు. అందులో నలిగిపోయిన తల్లి చిలుక, దాని రెక్కల కింద రెండు పిల్లలు. దేనికీ ప్రాణం లేదు.

"కొట్టేముందు చుట్టూ తిరిగి చూశాను బావా. చేత్తో తడిమాను కూడా. పట్టీ లేదు" అన్నాడు. "చెట్టు పడేదాకా ఈ పిచ్చిది బయటికి రాలేదు."

"పట్టీ చెరిపింది మీ బావేరా. దొంగలకి తెలియకూడదని" అంది అక్క లోపలినుంచి.

"మరి నాకెందుకు చెప్పలేదు బావా?"

మామ కళ్లు తెలియకుండానే గోడకి ఆనించిన సైకిలు మీదికి పోయాయి. ఆ చూపు వెంటే బావమరిది కూడా చూశాడు. తర్వాత తువ్వాలు పసిబిడ్డని పడుకోబెట్టినట్టు నేల మీద పెట్టి లేచాడు.

"మమ్మల్ని నమ్మనివాడివి, మా దగ్గర మాట ఎందుకు తీసుకున్నావు?" అన్నాడు. సైకిలు ఎక్కకుండా, నడిపించుకుంటూ వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున అడవిలో గొడ్డలి చప్పుడు వినబడింది. పట్టీలున్న చెట్ల వైపు నుంచి. పిల్లలు పోయినా, వచ్చే ఏడు చిలుకలు మళ్లీ వెతుక్కుంటూ వచ్చే తొర్రలవి. మామ గబగబా డబ్బా కట్టుకున్నాడు, కుంచె తీశాడు, గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు. ఏ మొహం పెట్టుకుని ఆపాలో ఆయనకి తెలియలేదు.