అక్క బొటనవేలు కదిలిన రోజు

సర్వశరీరులకూ ఊపిరి పోసిన దేవునికి స్తోత్రం. అడిగింది ఇచ్చినా, ఇవ్వకపోయినా ఆయన నామానికే మహిమ.

మా అక్క కడియం నర్సరీలో అంట్లు కట్టేది. కొమ్మను బ్లేడుతో చెక్కి, మొక్క కాండానికి చేర్చి, ప్లాస్టిక్ పట్టీని బొటనవేలితో నొక్కిపట్టి గట్టిగా చుట్టాలి. పనంతా ఆ నొక్కులోనే ఉంది. తొంభైల చివర్లో ఒక వానాకాలం, మొక్కల లారీ మీద నుంచి జారిపడి ఆమె కుడి మోచెయ్యి విరిగింది. నాటువైద్యుడు వెదురుబద్దలు పెట్టి కట్టు కట్టాడు. వేళ్లు నల్లబడుతున్నా అమ్మ విప్పనివ్వలేదు.

"వదులుగా కడితే అంటు అతుకుద్దా? ఇదీ అంతే. ఓర్చుకో."

అక్క కూడా ఆ మాట నమ్మింది. కట్టు విప్పేసరికి ఎముక అతుక్కుంది. బొటనవేలు మాత్రం చచ్చుబడింది.

నెలలు గడిచాక రాజమండ్రిలో నరాల పరీక్షకు తీసుకెళ్లాం. బయలుదేరే ముందు సంఘపెద్దలు ఆ చేతికి నూనె రాసి ప్రార్థించారు. పరీక్ష గదిలో వైర్ల బిళ్లలు చర్మానికి అంటుకోలేదు.

"ఏంటమ్మా ఈ జిడ్డు?" అంటూ డాక్టరుగారు దూది తీశారు.

"ప్రార్థన నూనె అండి. తుడవకండి బాబూ!" అంది అమ్మ.

"ప్రార్థన లోపలికి వెళ్లిపోయుంటుంది లెండి. పైదే తుడుస్తాను."

అక్క నవ్వింది.

ముందు ఆ బిళ్లలు మంచి చేతికి పెట్టారు. బొటనవేలు బిగించమన్నారు. మిషను తెర మీద గీతలు వరిచేనులా ఒత్తుగా లేచాయి. మణికట్టు దగ్గర కరెంటు ఇవ్వగానే వేలు ఎగిరిపడింది. ఆ వెంటనే గీతలు ఒక్క క్షణం ఆగిపోయి, మళ్లీ ఒత్తుగా లేచాయి. నరం బాగుంటే, బిగించిన పట్టు కరెంటు తగిలినప్పుడు అలా ఆగి, మళ్లీ అందుకోవాలట.

తర్వాత కుడిచేయి. అక్క పళ్లు బిగించింది, నుదుట చెమట పట్టింది. తెర మీద అక్కడొకటి, ఇక్కడొకటి గీత. కరెంటు ఇచ్చారు. వేలు చిన్నగా కదిలింది.

"స్తోత్రం తండ్రీ! కదిలింది!" అమ్మ అక్కడే మోకరించింది.

డాక్టరుగారు ఆమెను లేవదీశారు. "అది మిషను కదిపిందమ్మా. మీ అమ్మాయి కదిపితే కదలాలి. నరంలో మిగిలింది చాలా తక్కువ. అంటుకట్టే పని ఇక కష్టం."

వేలు కదలడమే అమ్మ చూసింది, డాక్టరుగారి మాట వినలేదు. ఆదివారం ఆరాధనలో లేచి, కూతురి చెయ్యి బాగైందని సాక్ష్యం చెప్పేసింది. మందిరమంతా చప్పట్లు.

"చెయ్యి చాపమ్మా, అందరూ చూస్తారు" అన్నారు పాస్టరు అయ్యగారు.

అక్క లేచింది. కుడిచేతిని కొంగులో దాచుకుని ఎడమచెయ్యి చాపింది. చప్పట్లు ఆగిపోయాయి. అమ్మ తలెత్తలేదు.

ఇప్పుడు అక్క అదే నర్సరీలో మొక్కలకు నీళ్లు పోస్తోంది. పైపు పట్టుకునేది ఎడమచేత్తోనే. చదువుతున్న మీరు ఒక్కసారి కళ్లు మూసుకుని మాతో ప్రార్థించండి: ప్రభువా, కుడిచెయ్యి నీ చిత్తం. ఈ ఎడమచేతినైనా కాపాడు. ఆమేన్.